కూడబెట్టినది ఎవరిది?



ఇంటి పెద్ద కన్నుమూసి, వచ్చిన బంధువులు వెళ్ళిపోయిన తరువాత, ఆయన పెట్టె తెరవటము అనే పని ఒకటి మిగిలి ఉంటుంది. పొలము కాగితాలు, బ్యాంకు పుస్తకాలు మొదట చేతికి వస్తాయి. వాటిని ఏమి చేయాలో అందరికీ తెలుసు. వాటి అడుగున ఒక మూట ఉంటుంది. అందులో తపాలా బిళ్ళలో, పాత నాణేలో, ఆటగాళ్ళ బొమ్మలో, పత్రికలలోనుండి కత్తిరించి దాచిన ముక్కలో ఉంటాయి. ఆ మూట దగ్గరకు వచ్చేసరికి పిల్లలు ఒకరి మొగము ఒకరు చూచుకుంటారు. "పాత కాగితాలవాడికి వేసేద్దాము" అని ఒకరంటారు. "ఆగండి, వీటికి ఇప్పుడు మంచి ధర ఉన్నదట" అని మరొకరంటారు. తూకానికి వేయాలా, వేలానికి పెట్టాలా అన్న ఈ తగవులో, నలభై ఏళ్ళు ఆ మూటను కట్టుకొంటూ వచ్చిన మనిషి ఊసే ఉండదు. ఆయన చేసినది కాలక్షేపమా? ఆశా? లేక ఏదో ఒక విధమైన సేవా? ఆయన కూడబెట్టినది ఇంతకూ ఎవరిది?

ఇటువంటి ప్రశ్నను ఊరకే తర్కించితే తేలదు. ఒక మనిషి జీవితమును ఎదుట పెట్టుకొని ఆలోచించటము పంతుళ్ళముగా మాకు అలవాటు. అందుకని ఈసారి 1963లో మరణించిన ఒక సేకర్తను జ్ఞాపకము చేసుకొందామని తలచాము. ఆయన పేరు జెఫర్సన్ బర్డిక్. ఉత్తర అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమువాడు. ఆయన కూడబెట్టిన వాటిలో ఎక్కువ పేరు పొందినవి బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు గల చిన్న చిన్న అట్టముక్కలు. "మనము చూడని దేశము, మనము ఆడని ఆట, ఈయన సంగతి మనకెందుకు?" అని చదువరులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొంచెము ఓపిక పట్టమని మా మనవి.

ముందు ఆ అట్టముక్కల సంగతి చెప్పుకోవాలి. అమెరికాలో 1880 ప్రాంతాలలో సిగరెట్టు పెట్టెలు పలుచని కాగితముతో చేసేవారు. లోపలి సిగరెట్లు నలిగిపోకుండా ఒక గట్టి అట్టముక్కను అడ్డుగా పెట్టేవారు. ఊరకే పోయే అట్ట మీద ఒక బొమ్మ అచ్చువేస్తే కొనేవారికి ఆకర్షణగా ఉంటుందని కంపెనీలవారికి తోచింది. నటీమణులు, పక్షులు, జెండాలు, మల్లయోధులు, అన్నిటికంటె మించి బేస్‌బాల్ ఆటగాళ్ళు ఆ ముక్కల మీదికి ఎక్కారు. 1890లో పెద్ద పెద్ద కంపెనీలు కలిసిపోయి అమెరికన్ టొబాకో కంపెనీ అయినాయి. పోటీ లేనప్పుడు బొమ్మలతో పనేమున్నది? బొమ్మలు తగ్గిపోయాయి. మళ్ళీ 1909లో విరివిగా రావటము మొదలై, కొన్నేళ్ళు వరదలాగా వచ్చాయి. ఆ కంపెనీని ముక్కలు చేయమని అక్కడి సుప్రీము కోర్టు 1911లో తీర్పు చెప్పింది. పొగాకును పొగడటము మా ఉద్దేశము కాదని చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. తండ్రులు పొగ పీల్చి పారేస్తే పిల్లలు బొమ్మలు ఏరుకొన్నారు, అంతే.

మన పిల్లలు మాత్రము తక్కువ తిన్నారా? అగ్గిపెట్టెల బొమ్మలు కట్టలు కట్టి ఆడుకొన్న తరము మాది. 1980లలో బబుల్‌గమ్ కాగితాల మీద పరుగులు, వికెట్లు అచ్చువేసి అమ్మిన రోజులు, ఇప్పుడు నలభై దాటినవారికి గుర్తుండే ఉంటాయి. తరగతిలో తీసివేత లెక్క రాని పిల్లవాడు, నూరు పరుగులకు ఇంకా ఎన్ని తక్కువైనవో తడుముకోకుండా చెప్పేవాడు. ఆ పిల్లలలో నూటికి తొంబది మంది పెద్దయ్యాక ఆ కాగితాల మాటే మరచిపోతారు. మరువనివాడు ఎక్కడో ఒకడుంటాడు.

బర్డిక్ అటువంటివాడు. ఆయన 1900 సంవత్సరములో, సిరక్యూజ్ పట్టణానికి దగ్గరలో ఉన్న సెంట్రల్ స్క్వేర్ అనే చిన్న ఊరిలో పుట్టారు. సిగరెట్టు బొమ్మలు వెల్లువగా వచ్చిన కాలానికి ఆయనకు తొమ్మిది, పదేళ్ళు. సిరక్యూజ్ విశ్వవిద్యాలయములో చదువుకొన్నారు. తరువాత అక్కడే క్రౌస్ హైండ్స్ అనే విద్యుత్ పరికరాల కర్మాగారములో పనికి కుదిరారు. వీధి కూడళ్ళలో ఎర్ర దీపము, పచ్చ దీపము వెలిగించే సిగ్నళ్ళు, నిప్పురవ్వ పడితే ప్రమాదమయ్యే చోట్ల వాడే విద్యుత్ సామగ్రి తయారుచేసిన కంపెనీ అది. బర్డిక్ పని చిన్న చిన్న భాగాలను చేతితో కూర్చటము. పెద్ద జీతము కాదు. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళ వయసు దాటేసరికి కీళ్ళవాతము పట్టుకొన్నది. అది తగ్గే జబ్బు కాదు. ఏడేడు వేళ్ళు బిగిసిపోతూ, మెడ, భుజాలు తిరగటము కష్టమవుతూ, జీవితము పొడవునా ఆయనతోనే ఉన్నది.

ఇక్కడ ఒక విచిత్రము. బేస్‌బాల్ బొమ్మలకు పితామహుడని పేరు పొందిన ఈయన ఆ ఆట అంటే పడి చచ్చే మనిషి కాదు. పెద్ద పోటీ చూడటానికి మైదానానికి వెళ్ళిన దాఖలా కనబడదు. ఆయనకు కావలసినది ఆట కాదు, కాగితము. సామాన్యుల చేతిలోనికి ఊరకే వచ్చి ఊరకే పోయే అచ్చుకాగితము. దుకాణాలవారు పంచిన ప్రకటన కార్డులు, పోస్టుకార్డులు, పండుగ శుభాకాంక్షలు, చుట్టలకు చుట్టే రంగు పట్టీలు, అన్నీ పోగుచేశారు. ఆయన సేకరణ మొత్తము 3,06,353 వస్తువులని లెక్క. బేస్‌బాల్ బొమ్మలు అందులో 30,000 పైచిలుకు మాత్రమే.

మూడు లక్షల కాగితాలు పోగుచేయటము గొప్ప కాదు. పాత కాగితాల కొట్టులో అంతకంటె ఎక్కువే ఉంటాయి. బర్డిక్ చేసిన అసలు పని వేరే ఉన్నది. ఆ బొమ్మలను ఎవరు, ఎప్పుడు, ఎన్ని అచ్చువేశారో అప్పటికి ఎవరికీ తెలియదు. కంపెనీలవారు లెక్కలు దాచలేదు. బజారులో చెల్లిపోయే సరుకుకు లెక్కెందుకు? ఒక వరుసలో ఎన్ని బొమ్మలున్నవో తెలియాలంటే అన్ని ఊళ్ళ సేకర్తలు తమ తమ బొమ్మలను పోల్చి చూచుకోవాలి. ఆ పోల్చే పనిని ఈయన నెత్తిన వేసుకొన్నారు. 1937లో సేకర్తల కోసము ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. 1939లో తన ఖర్చుతో ఒక పట్టిక అచ్చువేయించారు. అదే 1946 నుండి "అమెరికన్ కార్డ్ కేటలాగ్" అనే పేరుతో వెలువడింది. దానిని పెంచుతూ, దిద్దుతూ 1960 వరకు కొత్త ప్రతులు తెచ్చారు.

ఆ పట్టిక పద్ధతి ఎంత సులువైనదంటే మా వంటి బడిపంతుళ్ళకు చూడగానే ముచ్చట వేస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు బొమ్మలకు "ఎన్" అనే అక్షరము. ఇరవయ్యవ శతాబ్దపు పొగాకు బొమ్మలకు "టి". తొలినాటి మిఠాయి బొమ్మలకు "ఇ". తరువాత వచ్చిన మిఠాయి, బబుల్‌గమ్ బొమ్మలకు "ఆర్". అక్షరము పక్కన ఒక వరుస సంఖ్య. 1909 నుండి 1911 వరకు వచ్చిన ఒక పెద్ద వరుసకు ఆయన "టి 206" అని పెట్టారు. ఆయన పోయి అరవై ఏళ్ళు దాటినా ఆ వరుసను సేకర్తలు ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఆ పేరు పెట్టినవాడు ఎవరో వారిలో చాలమందికి తెలియకపోవచ్చు. ఊరిలో బావి తవ్వించినవాని పేరు నీళ్ళు తోడుకొనేవారికి తెలుస్తుందా ఏమి?

బర్డిక్ దయగల మనిషి అని మేము అనటానికి ఈ పట్టికే ఆధారము. సేకర్తల లోకములో తెలివే పెట్టుబడి. ఏది అరుదో, ఏది విరివిగా దొరుకుతుందో తెలిసినవాడు తెలియనివానిని సులువుగా మోసగించగలడు. తెలియనివాని దగ్గర కొని, తెలిసినవానికి అమ్మటము ఆ బజారులో పాత విద్య. బర్డిక్ తనకు తెలిసినదంతా అచ్చువేసి అందరి చేతిలో పెట్టారు. ప్రతి దానికి న్యాయమైన వెల రాశారు. ఎక్కువ కార్డులకు ఆయన రాసిన వెల కొన్ని సెంట్లు. అంటే మన అణాల లెక్క. కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాడు కూడా ఆ పుస్తకము తెరిచి, తన చేతిలో ఉన్నదేమిటో, దానికి ఎంత ఇవ్వవచ్చునో తెలుసుకోగలిగాడు. చేయి పట్టుకొని అక్షరాలు దిద్దించిన దయ వంటిది ఈ దయ. తీయని మాటలు చెప్పటము కంటె ఇది కష్టము. ఇది ప్రతి సాయంత్రము కూర్చుని చేయవలసిన పని.

తరువాత 1947లో ఆయన న్యూయార్కు నగరములోని మెట్రోపాలిటన్ మ్యూజియమువారిని కలుసుకొన్నారు. ఈజిప్టు శిలలు, ఐరోపా మహా చిత్రకారుల పటాలు ఉన్న చోటు అది. అటువంటి చోటికి సిగరెట్టు బొమ్మలు తీసుకొని వెళ్ళటానికి ఎంత ధైర్యము కావాలి! అదృష్టవశాత్తు అక్కడ ముద్రణ చిత్రాల విభాగాధిపతిగా హయట్ మేయర్ అనే పండితుడు ఉన్నారు. ఘనులు గీసిన చిత్రమైనా, దుకాణములో పంచిన బొమ్మయినా, జనము చేతుల్లోనికి వెళ్ళిన ముద్రణ అంతా ఆయనకు చదువదగినదే. తీసుకొంటామన్నారు. కాని ఒక షరతు పెట్టారు. ఇన్ని లక్షల ముక్కలను సర్దటానికి మా దగ్గర మనుషులు లేరు, మీరే వచ్చి సర్ది పెట్టాలి అన్నారు.

ఈ షరతు దగ్గర చదువరులను కొంచెము ఆపాలని మాకు ఉన్నది. ఇవ్వటము ఒకటి, వదిలించుకోవటము ఒకటి. రెండూ పైకి ఒకే తీరుగా కనబడతాయి. వరదలు వచ్చినప్పుడు పాత బట్టల మూటలు వస్తాయి. కొన్ని మూటలు ఉతికి, మడతపెట్టి, పిల్లలవి వేరుగా, పెద్దలవి వేరుగా కట్టి ఉంటాయి. కొన్ని మూటలలో చిరిగినవి, మాసినవి, జత లేని చెప్పులు ఒకటిగా కుక్కి ఉంటాయి. వాటిని సర్దటానికి బాధలో ఉన్నవారే కూర్చోవాలి. రెండు మూటలు పంపినవారూ "ఇచ్చాము" అనే అంటారు. మా దృష్టిలో మొదటివారే ఇచ్చినవారు. బర్డిక్ ఆ షరతుకు ఒప్పుకొన్నారు. అప్పటినుండి దాదాపు 15 ఏళ్ళు, మిగిలిన జీవితమంతా, ఆ మూటను ఉతికి మడతపెట్టటానికే సరిపోయింది.

మొదట విడతలు విడతలుగా పంపారు. చివరి సంవత్సరాలలో ఉద్యోగము చేయలేని స్థితి వచ్చి, న్యూయార్కు నగరానికే బస మార్చుకొన్నారు. మ్యూజియములో ఒక మూల చిన్న బల్ల ఇచ్చారు. అక్కడ కూర్చుని, ఒక్కొక్క ముక్కను తన పట్టిక ప్రకారము వరుసలో పెట్టి, జిగురు పూసి, పెద్ద పెద్ద ఆల్బములలో అంటించేవారు. కీళ్ళు బిగిసిన చేతులతో ఒక చిన్న అట్టముక్క నాలుగు మూలలకు జిగురు పూసి, వంకర పోకుండా దించటము ఎలాగుంటుందో, ఆ జబ్బు ఉన్నవారు మన ఇళ్ళలో ఉంటే వారిని అడగండి. చొక్కా గుండీ పెట్టుకోవటానికే పొద్దు పోతుంది. ఆయన ఆ పనిని లక్షలసార్లు చేశారు.

1963 జనవరి 10వ తేదీ సాయంకాలము ఆఖరి ముక్క అంటించటము అయిపోయింది. కష్టము మీద ఓవర్‌కోటు తొడుక్కొని, ఇక రానని చెప్పి బయలుదేరారు. మరునాడు ఆసుపత్రిలో చేరారు. మార్చి 13వ తేదీన మరణించారు. పని పూర్తి అయిన తరువాత ఆయనకు దక్కినది రెండు నెలలు.

ఇంతవరకు చదివినవారు "మంచి మనిషే" అని ఊరుకొంటారు. అసలు చిక్కు ఇకమీదట ఉన్నది. నేటి సేకర్తను ఎవరినైనా అడగండి. కార్డుకు జిగురు పూయటమంటే దాని గొంతు కోయటమే అంటాడు. కార్డు విలువ దాని అంచుల పదునులో, మూలల నిగనిగలో, వెనుక వైపు మచ్చ లేకపోవటములో ఉన్నదంటాడు. బజారు లెక్కన చూస్తే బర్డిక్ తన చేతితోనే తన సేకరణ ధరను పాడుచేసుకొన్నారు.

ఆ బజారు సంగతి కొంచెము చెప్పుకొందాము. టి 206 వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాని బొమ్మ ఒకటి ఉన్నది. పిట్స్‌బర్గ్ జట్టులో ఆడిన మహా ఆటగాడు. 1936లో బేస్‌బాల్ కీర్తిమందిరానికి మొదట ఎన్నుకొన్న ఐదుగురిలో ఒకడు. ఆయన బొమ్మ వేయటము మొదలుపెట్టిన కొద్ది కాలానికే ఆపివేశారు. పిల్లలు తన బొమ్మ కోసము సిగరెట్లు కొనటము ఇష్టము లేక వద్దన్నాడని కొందరు, డబ్బు దగ్గర తేడా వచ్చిందని కొందరు చెబుతారు. మొదటిది నిజమైతే బాగుండునని మాకు ఉన్నది. కాని మనకు ఇష్టమైనంత మాత్రాన నిజము కాదు. ఏమైనా అవి కొన్ని పదులు మాత్రమే మిగిలాయి. బర్డిక్ పట్టికలో దాని వెల 50 డాలర్లు. ఆ రోజులలో దానిని మించిన కార్డు లేదు. 2022 ఆగస్టులో ఒక వాగ్నర్ బొమ్మ 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది.

అన్ని వాగ్నర్ బొమ్మలలోను పేరు మోసినది మరొకటి. దానిని 1991లో వేన్ గ్రెట్జ్‌కీ అనే ఐస్ హాకీ ఆటగాడు, మరొక భాగస్వామి కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. అంచులు ఇంత నిటారుగా ఉన్న బొమ్మ మరొకటి లేదని లోకమంతా మెచ్చుకొన్నది. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. చివరకు 2013లో, దానిని పూర్వము అమ్మిన ఒక వేలముదారుడు ఇతర మోసాలతో పాటు ఈ సంగతి కూడా కోర్టులో ఒప్పుకొన్నాడు. ధర పెరగటానికి తానే దాని అంచులు కత్తిరించాడట.

ఒకడు కార్డుకు జిగురు పూశాడు. మరొకడు కత్తెర వేశాడు. ఇద్దరూ దానిని మొదటి స్థితినుండి మార్చినవారే. జిగురు వలన ధర పడిపోయింది, కార్డు నిలిచింది. కత్తెర వలన ధర పెరిగింది, కార్డు కొంత పోయింది. పోయిన ఆ సన్నని చీలికను ఎవరు తిరిగి తెస్తారు? వస్తువుకు జరిగిన మేలు, ధరకు జరిగిన మేలు ఒకటి కావని ఇంతకంటె స్పష్టముగా చూపే దృష్టాంతము మాకు కనబడలేదు.

అయినా బర్డిక్ పక్షమున వాదించేటప్పుడు కూడా న్యాయము తప్పకూడదు. అంటించిన ముక్కకు వెనుక వైపు మరుగవుతుంది. ఏ సిగరెట్టుతో వచ్చిందో చెప్పే ప్రకటన ఉండేది ఆ వెనుకనే. పరిశోధకునికి అది నష్టమే. కాగితాలను కాపాడే శాస్త్రము ఇప్పుడు తెలిసినంతగా అప్పుడు తెలియదు; నేటి మ్యూజియములో ఎవరూ అలా అంటించరు. ఆయన కోట్లు త్యాగము చేశాడని చెప్పటము కూడా సరికాదు. సెంట్ల విలువ చేసే ముక్కలవి. కోట్లు అవుతాయని ఆయన కలగన్నాడనటానికి ఆధారము లేదు. ఆయన ఇచ్చినది డబ్బు కాదు. సాయంత్రాలు ఇచ్చారు. చేతులు ఇచ్చారు. అన్నిటికంటె ముఖ్యముగా క్రమము ఇచ్చారు. ఆ క్రమము లేకపోతే మూడు లక్షల ముక్కలు మ్యూజియము నేలమాళిగలో పెట్టెలలోనే ఉండిపోయేవి.

మరొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. చుట్టూ ఆకలి, రోగము ఉండగా ఒక తెలివైన మనిషి జీవితమంతా సిగరెట్టు బొమ్మలు అంటిస్తూ కూర్చోవటము తగునా? ఈ ప్రశ్న మన పెద్దలు తప్పక వేస్తారు, వేయాలి కూడా. దీనిని కొట్టిపారేసే జవాబు మా దగ్గర లేదు. అయితే ఒక మాట. ఆ మనిషి పగలు కర్మాగారములో పనిచేసి తన అన్నము తాను తిన్నారు. ఎవరి పొట్టా కొట్టలేదు. నొప్పి తప్ప మరేమీ ఎదురుచూడనక్కరలేని సాయంత్రాలను, తన నొప్పిని తలచుకొంటూ గడపకుండా, తనకు ముఖము తెలియని ముందు తరానికి పనికివచ్చే పనిలో గడిపారు. ఇది అన్నదానము కాదు, నిజమే. అన్నదానము కాని మేలు మేలు కాదనుకొంటే, మా బడిపంతులు ఉద్యోగమూ లెక్కకు రాదు.

సేకర్తలందరూ ఇటువంటివారని మేము అనము. ఇంటినిండా నింపి, భార్యాబిడ్డలకు కాలు పెట్టే చోటు లేకుండా చేసి, ఎవరినీ ముట్టనీయక, ఎవరికీ చూపక, చివరకు చెదలకు వదిలినవారిని కూడా చూచాము. ఆశకు, ప్రేమకు మధ్య గీత ఎక్కడున్నదని అడిగితే, వస్తువుల సంఖ్యలో లేదని మాత్రము చెప్పగలము. మూడు లక్షలు ఉన్నవాడు ఆశ లేనివాడు కావచ్చు, మూడు ఉన్నవాడు పిసినారి కావచ్చు. "చూస్తాను" అని వచ్చినవానికి తలుపు తెరుచుకొంటుందా లేదా అన్నది మేము చూచే గుర్తు.

బర్డిక్ తలుపు ఇప్పటికీ తెరిచే ఉన్నది. కాగితము ఎక్కువ వెలుతురుకు ఓర్చుకోలేదు గనుక, ఆయన సేకరణలోనుండి కొన్ని కొన్ని ఏరి, మార్చి మార్చి మ్యూజియములో ప్రదర్శిస్తూ వచ్చారు. చాలా వాటి ఫోటోలు మ్యూజియమువారు ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. ఆ సేకరణలో ఒక వాగ్నర్ బొమ్మ ఉన్నది. షోలాపూరులోనో, బరంపురములోనో మన పిల్లవాడు సెల్‌ఫోను తెరిచి పైసా ఇవ్వకుండా దానిని చూడవచ్చు. దాని తోటి బొమ్మలు కోటీశ్వరుల ఇనుప పెట్టెలలో ఉన్నాయి.

ఇక మన సంగతి. తాతల నాడు పొట్ట చేతపట్టుకొని కోలారు గనులకు, షోలాపూరు మిల్లులకు, మదరాసుకు, ఒరిస్సా పట్టణాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనవి. మన గురించి గ్రంథాలు రాసినవారు తక్కువ. మన బ్రతుకు రాతలన్నీ చిల్లర కాగితాల మీదనే ఉన్నాయి. కన్నడ ఊరిలో అచ్చయిన తెలుగు శుభలేఖ. కంపోజిటరుకు తెలుగు సరిగా రాక వత్తులు తారుమారైన క్రిస్మసు కార్యక్రమ పత్రము. గని కార్మికుని హాజరు బిళ్ళ. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఆ తరువాత ఎన్ని ఇళ్ళలో ఎన్ని కాగితాలు తూకానికి వెళ్ళాయో! తమిళ వీధిలో, మరాఠీ వాడలో మూడు తరాలు తెలుగు ఎలా నిలిచిందని రేపు మన మనుమడు అడిగితే, చూపటానికి ఆ తప్పుల అచ్చు శుభలేఖ కంటె మంచి సాక్ష్యము ఏమున్నది? పిల్లలు వాలీబాల్ పోటీలో గెలిచిన నాటి ఫోటో అందరి దగ్గరా ఉంటుంది. అందులో నిలబడిన పన్నెండు మందిలో ఐదుగురి పేర్లు చెప్పగలవాడు ఊరికి ఒకడు మిగిలి ఉంటాడు. ఆయన వయసు ఎనభై దాటి ఉంటుంది.

పెద్దలకు ఒక చిన్న మనవి. మీ మూటను మీరు ఉండగానే విప్పండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, ఏది ఏమిటో చెప్పి, ఒక్కొక్క కాగితము వెనుక ఊరు, సంవత్సరము, మనుషుల పేర్లు రాయించండి. పెన్సిలుతోనే రాయించండి, బాల్‌పెన్ సిరా ముందు వైపుకు దిగుతుంది. ఫోటోలైతే అంచున తేలికగా రాయాలి, నొక్కితే ముందు వైపు గీత తేలుతుంది. ఆ తరువాత ఒక్కొక్కటి విడి కాగితపు కవరులో పెట్టి, తేమ తగలని చోట బల్లపరుపుగా ఉంచండి. రబ్బరు బ్యాండ్లు వేయకండి, ఎండకు కరిగి అంటుకొంటాయి. గుండుసూదులు తుప్పు పడతాయి. బర్డిక్ గారి మీద ఎంత గౌరవమున్నా, జిగురు మాత్రము ముట్టుకోకండి.